ముందు ఫ్లష్ ట్యాంకు మూత తీసి చూడు



ఏడాది తిరక్కుండానే సెప్టిక్ ట్యాంకు మళ్ళీ నిండిపోయిందనీ, పెరట్లో నేల చిత్తడిగా ఉండి వాసనేస్తోందనీ, క్లీనింగ్ బండిని పిలుస్తున్నారనీ మీ అమ్మ చెప్పింది. డాబా మీది వాటర్ ట్యాంకు తెల్లారేసరికి ఖాళీ అవుతోందట కూడా. రెండిటికీ కారణం ఒక్కటే, ఫ్లష్ ట్యాంకు కారడమేనని నా అనుమానం. బండిని ఓ పది రోజులు ఆపు తల్లీ.

టార్చి వేసి కమోడ్ లోపల వెనక గోడను చూడు. దారమంత సన్నగా, చప్పుడు లేకుండా నీళ్ళు జారుతుంటాయి. కంటికి ఆనకపోతే పొడి కాగితం ముక్క అక్కడ ఆనించు, తడిస్తే కారుతున్నట్టే. నిమిషానికి అర లీటరు కారినా రోజుకు 720 లీటర్లు. మనిషికి రోజుకు 135 లీటర్ల లెక్కన మీ నలుగురికీ కావలసింది 540. ఇంటిల్లిపాదీ వాడేదానికన్నా ఎక్కువ నీరు ఊరికే సెప్టిక్ ట్యాంకులోకి పోతోందన్నమాట.

సెప్టిక్ ట్యాంకు ఎప్పుడూ నీటితో నిండుగానే ఉంటుంది, దాని పనే అది. కదపని కుడితి తొట్టిలో లాగా అడుగున మడ్డి, పైన తెట్టు, నడుమ తేటనీరు. ఆ నడిమి నీరే సోక్ పిట్‌లోకి పోయి నేలలో ఇంకాలి. అలా తేరుకోవడానికి కనీసం ఒక రోజైనా నీరు నిలవాలి. ఆగకుండా కొత్త నీరు వచ్చిపడుతుంటే మడ్డి కూడా కొట్టుకుపోయి సోక్ పిట్ పూడిపోతుంది. మీది డెల్టా బంకమట్టి, మామూలుగానే ఇంకదు. బండి వచ్చి తోడినా, ఈ కారుడు ఆపకపోతే రెండు మూడు రోజుల్లో మళ్ళీ నిండుతుంది. డబ్బు దండగ.

ఇక పని. ఫ్లష్ ట్యాంకు మూత తీసి, నీటిమట్టం దగ్గర పెన్సిల్‌తో గీత పెట్టు. కింద యాంగిల్ కాక్ కట్టేసి అరగంట ఎవరినీ వాడనివ్వకు. మట్టం గీత దిగితే లోపం అడుగు వాషర్‌ది. దిగకపోతే ఫ్లోట్‌ది: నీరు ఓవర్‌ఫ్లో గొట్టం అంచు దాటి పోతుంటుంది. అప్పుడు ఫ్లోట్ స్క్రూ తిప్పి మట్టాన్ని ఆ అంచుకు అంగుళం కిందకి దించు. అయినా నీళ్ళు ఆగకపోతే ఇన్‌లెట్ వాల్వే మార్చాలి.

వాషరైతే, కాక్ కట్టేసే ఉంచి, ఫ్లష్ నొక్కి నీళ్ళు ఖాళీ చెయ్యి. చాలా రకాల్లో నడిమి వాల్వు పావు చుట్టు తిప్పితే పైకి వచ్చేస్తుంది, బలవంతం చెయ్యకు. దాని అడుగున రబ్బరు రింగు ఉంటుంది, అదే వాషర్. బోరు నీళ్ళ ఇళ్ళలో దాని మీదా, అది కూర్చునే అంచు మీదా తెల్లటి గార కడుతుంది. వేలితో తడిమితే గరుకుగా తగులుతుంది. ఆ సందులోంచే నీరు జారేది. గారను వెనిగర్‌లో తడిపిన గుడ్డతో రుద్ది తియ్యి, చాకుతో గీకకు. పాత వాషర్ చేత్తో పట్టుకెళ్ళి షాపులో సరిగ్గా అదే సైజు అడుగు. బిగించాక గీత పరీక్ష మళ్ళీ చెయ్యి.

ఫ్లష్ ట్యాంకులో వేసే క్లోరిన్ బిళ్ళలు మానెయ్యండి. రబ్బరును తినేస్తాయి, సెప్టిక్ ట్యాంకులో మలాన్ని కుళ్ళబెట్టే సూక్ష్మజీవులకూ చేటు.

పది రోజులకీ పెరడు ఆరకపోతే అప్పుడు బండిని పిలు. మడ్డి ఎలాగూ రెండు మూడేళ్ళకోసారి తీయించాల్సిందే. కానీ పైపుతో తోడించు, ఎంత తక్కువకి చేస్తామన్నా మనిషిని లోపలికి దింపనివ్వకు. లోపలి విషవాయువుకు క్షణాల్లో ప్రాణం పోతుంది, రక్షణ పరికరాలు లేకుండా అలా దింపడం, మనుషులతో మలం ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం నేరం కూడా. మీ ఆయన ఊళ్ళో లేకపోతే ఆ రోజు నువ్వే దగ్గరుండి చూసుకో.

ఇట్లు
మీ మావయ్య