అతిధ్వనులు – హృదయ కవాట పరీక్ష

మానవ హృదయమునందు నాలుగు కవాటములు కలవు. వానిలో ఎడమ జఠరికకును బృహద్ధమనికిని నడుమ నున్నది బృహద్ధమనీ కవాటము. హృదయము సంకోచించినపుడు దీని మూడు రేకులును విచ్చుకొని రక్తమును శరీరమునకు పోనిచ్చును. విశ్రమించినపుడు మూసికొని దానిని వెనుకకు రానీయవు. ఆరోగ్యవంతునియందు ఈ ద్వారవైశాల్యము 3 నుండి 4 చదరపు సెంటీమీటర్లు. ఇది క్రమముగా ఇరుకగుటయే అయోర్టిక్ స్టెనోసిస్ అను వ్యాధి. వృద్ధాప్యమున రేకులపై కాల్షియం పేరుకొనుట, పుట్టుకతోనే రెండు రేకులే యుండుట, బాల్యమున వచ్చిన రుమాటిక్ జ్వరము దీనికి ముఖ్యకారణములు.

ఈ వ్యాధి స్వభావము మోసకరమైనది. ద్వారము ఇరుకగుకొలది జఠరిక తన కండరమును మందము చేసికొని భారమును మోయును. అందుచే ఏండ్ల తరబడి రోగికి ఏ బాధయు తెలియదు. కాని ఆయాసము, ఛాతీనొప్పి, స్పృహ తప్పుట – ఈ మూటిలో ఏదైనను పొడసూపిన పిమ్మట, చికిత్స లేనిచో, ఆయువు సాధారణముగా కొలది సంవత్సరములే. రాస్, బ్రాన్‌వాల్డ్ అను అమెరికా వైద్యులు 1968లో ఈ సంగతిని స్పష్టపరచిరి. కావున బాధ లేని కాలముననే వ్యాధిని కనిపెట్టి యుండవలెను. ఇందుకు స్టెతస్కోపు ఒక్కటే చాలదు. హృదయము బలహీనమైనపుడు రక్తప్రవాహమును, దానితో మర్మరధ్వనియు తగ్గును. వ్యాధి ముదిరినపుడే ధ్వని మెత్తబడవచ్చునన్నమాట.

ఈ కొరతను తీర్చినది అతిధ్వని పరీక్ష. మన చెవికి వినరాని, సెకనుకు 20,000 కంపనములకు మించిన ధ్వనులను అతిధ్వనులందురు. స్వీడన్ దేశమందలి లుండ్ నగరమున ఇంగె ఎడ్లర్ అను వైద్యుడును, కార్ల్ హెల్ముత్ హెర్ట్జ్ అను భౌతికశాస్త్రజ్ఞుడును, ఓడల నిర్మాణశాలలో లోహపు లోపములను వెదకు యంత్రమును ఎరువు తెచ్చి, 1953లో దానిని హృదయముపై ప్రయోగించిరి. నేటి 'ఎకో' పరీక్షకు అదియే నాంది.

రేకులు కనబడిన మాత్రమున సరిపోదు. ఇరుకు ఎంతయో కొలవవలెను. ఇచట డాప్లర్ 1842లో ప్రకటించిన సూత్రము తోడ్పడును. దరిజేరు రైలు కూత హెచ్చుస్థాయిలోను, దూరమగు రైలు కూత తగ్గుస్థాయిలోను వినబడుట మనకు అనుభవమే. అట్లే కదలుచున్న రక్తకణములనుండి మరలివచ్చు ధ్వనియందలి మార్పును బట్టి రక్తవేగము తెలియును. ఇరుకు సందున నీరు వేగముగా దూకునట్లు, ఇరుకు కవాటమున రక్తవేగము హెచ్చును. బెర్నూలీ సూత్రము ననుసరించి, వేగమును మీటర్లలో తీసికొని దాని వర్గమును 4తో హెచ్చించినచో, కవాటమునకు ఇరువైపుల గల పీడనభేదము పాదరస మిల్లీమీటర్లలో వచ్చును. వేగము సెకనుకు 4 మీటర్లైనచో శిఖరభేదము 64 మిల్లీమీటర్లు.

ఇందొక మెలకువ కలదు. ధ్వనికిరణము రక్తధారకు సమాంతరముగా నుండవలెను. నడుమ 30 డిగ్రీల కోణమున్నచో 4 మీటర్ల వేగము సుమారు 3.46గా కనబడి, 64 కాస్తా 48 యగును. తీవ్రవ్యాధి మధ్యమముగా తోచును! కావుననే నేర్పరియైన పరీక్షకుడు ఒక్కచోటనే కాక, హృదయాగ్రమునుండియు, రొమ్ముటెముక కుడి అంచునుండియు, మెడ గుంటనుండియు కొలిచి అన్నిటిలో హెచ్చువేగమును గ్రహించును.

వేగము 2 నుండి 2.9 మీటర్లైన స్వల్పము. 3 నుండి 3.9 వరకు మధ్యమము. 4 లేక అంతకు మించిన, లేదా సగటు పీడనభేదము 40 మిల్లీమీటర్లు చేరిన, తీవ్రము. తీవ్రవ్యాధిలో ద్వారవైశాల్యము సాధారణముగా 1 చదరపు సెంటీమీటరు లేక అంతకు తక్కువ. స్వల్పవ్యాధి గలవారికి 3 – 5 ఏండ్లకొకసారి, మధ్యమమునకు 1 – 2 ఏండ్లకొకసారి, బాధలేని తీవ్రవ్యాధికి 6 – 12 నెలలకొకసారి ఎకో చేయవలెనని నిపుణుల నిర్ణయము. క్రొత్త బాధ కలిగినచో గడువుకై వేచియుండరాదు.

జఠరిక నీరసించినచో ద్వారము మిక్కిలి ఇరుకైనను వేగము తక్కువగా కనబడును. అట్టివేళ డోబ్యుటమిన్ అను మందుతో హృదయమును ఉత్తేజపరచి మరల కొలుతురు. సంకోచమున జఠరిక వెలికి నెట్టు రక్తభాగము నూటికి 50కి తగ్గినచో, తీవ్రవ్యాధి గలవానికి బాధ లేకున్నను కవాటము మార్చుట యుక్తము.

ఇరుకును ఆపగలదని నిరూపితమైన మందు నేటికిని లేదు. శస్త్రచికిత్సతో గాని, 2002లో ఫ్రాన్సున అలాన్ క్రిబియే తొలిసారి చేసినట్లు రక్తనాళము గుండ గాని క్రొత్త కవాటమును అమర్చుటయే మార్గము.

విద్యార్థులారా! మన ఇండ్లలోని పెద్దలు 'నాకు ఆయాసమే లేదు' అందురు. నిజమునకు వారు మేడమెట్లు ఎక్కుట మానియుందురు, నడక తగ్గించుకొనియుందురు, దానిని వయోభారమని సరిపెట్టుకొందురు. 'ఆయాసమున్నదా?' అని కాక, 'పోయిన సంవత్సరము చేసిన పనిలో ఈ సంవత్సరము మానివేసినదేమి?' అని అడుగుడు. ఆ జవాబును, పాత ఎకో కాగితములను వెంటగొని వారిని వైద్యుని కడకు తోడ్కొనిపొండు. ఒక్క కొలత నేటి స్థితిని మాత్రమే తెలుపును. పాత కొలత ప్రక్కనున్నపుడే వ్యాధి నడక తెలియును.