చూడి గేదెకు దొరికే శ్రద్ధ తల్లికీ దొరకాలి

(సభ్యుల విద్యా శీర్షిక: పాల సంఘం, ధర్మసంస్థ, గ్రామ ఆరోగ్యం)



మన సంఘ సభ్యుని గేదె అర్ధరాత్రి ఈనలేక అవస్థ పడుతున్నదంటే ఏమి చేస్తాము? వెంటనే కార్యదర్శి ఇంటికి పరుగెత్తుతాము. అక్కడి నుండి పశువైద్యునికి కబురు వెళుతుంది. గేదె చూడి కట్టిన నాటి నుండి దానికి దాణా ఎంత పెట్టాలో, ఈనే ముందు ఎన్నాళ్ళు పాలు తీయకుండా ఉంచాలో మనలో ప్రతి ఒక్కరికీ తెలుసు. అదే ఇంట్లో నెలలు నిండుతున్న కోడలు ఉన్నప్పుడు ఆమె బరువు ఎంత పెరిగింది, ఒంట్లో రక్తం ఎంత ఉన్నది, కాన్పు ఎక్కడ చేయించాలి అని ముందుగా ఆలోచించిన ఇళ్ళు ఎన్ని?

ఈ ప్రశ్నకు గుజరాత్‌లోని ఖేడా జిల్లా పాల సంఘాలవారు ఒక మార్గం చూపారు. మన సంఘాలు అనుసరించే మూడంచెల విధానం పుట్టినది అక్కడే. పాల విషయంలో వారి దారిని నడిచిన మనం, ఈ విషయంలో కూడా వారి అనుభవం తెలుసుకొనుట మంచిది.

సన్మాన నిధి నుండి ధర్మసంస్థ

1946 డిసెంబరు 14న ఖేడా జిల్లా పాల ఉత్పత్తిదారుల యూనియన్ రిజిస్టరయింది. రెండు గ్రామ సంఘాలతో, రోజుకు సుమారు 250 లీటర్ల పాలతో మొదలైన ఆ యూనియనే తరువాత అమూల్ పేరుతో దేశమంతటా తెలిసింది. దానికి త్రిభువన్‌దాస్ పటేల్ గారు అధ్యక్షులు. 1963లో ఆయనకు, వర్గీస్ కురియన్ గారికి, దారా ఖురోడీ గారికి కలిపి రామన్ మెగసెసే పురస్కారం లభించింది.

1970వ దశకం తొలినాళ్ళలో త్రిభువన్‌దాస్ గారు తమంతట తామే అధ్యక్ష పదవి నుండి తప్పుకున్నారు. అప్పుడు గ్రామ సంఘాల సభ్యులు కృతజ్ఞతతో సుమారు ఆరు లక్షల రూపాయల నిధి పోగుచేసి ఆయనకు సమర్పించారు. ఆ సొమ్మును ఆయన ఇంటికి తీసుకువెళ్ళలేదు. ఆ మూలధనంతో 1975లో త్రిభువన్‌దాస్ ఫౌండేషన్ అనే ధర్మసంస్థ ఏర్పడింది. ఖేడా జిల్లా పల్లెల్లోని తల్లుల, పిల్లల ఆరోగ్యం దాని ముఖ్యమైన పని. మొదట ఆయనే అధ్యక్షులు. పని పెరిగి విదేశీ సహాయం కూడా అందే దశకు వచ్చిన తరువాత ఆ బాధ్యత కురియన్ గారు స్వీకరించారు.

ఎవరి వంతు ఏమిటి?

అంత సొమ్ము చేతికి వస్తే పట్నంలో పెద్ద ఆసుపత్రి భవనం కట్టాలని ఎవరికైనా అనిపిస్తుంది. కాని ఉదయం పాలు పితికి, పేడ ఎత్తి, కూలికి వెళ్ళే ఆడమనిషి ఒంట్లో బాగోలేదని పట్నం దాకా ఎప్పుడు వెళుతుంది? కావున ఈ సంస్థ పల్లెలోనే ఉన్న పాల సంఘాన్ని ఆధారం చేసుకున్నది. పని ఈ విధంగా పంచుకోబడింది.

1. గ్రామ పాల సంఘం: ఊరిలోని ఒక స్త్రీని ఆరోగ్య కార్యకర్తగా ఎంపిక చేయడం, సంఘ భవనంలో ఆమెకు చోటు ఇవ్వడం, ఆమె గౌరవ వేతనంలో భాగం భరించడం.

2. కుటుంబాలు: ఏడాదికి ఒకసారి స్వల్ప చందా. సొంత డబ్బు పెట్టినవారికి అడిగే హక్కు ఉంటుంది.

3. ధర్మసంస్థ: కార్యకర్తకు శిక్షణ, మందుల సరఫరా, పైనుండి వచ్చి పని చూసే సిబ్బంది, కార్యకర్త వల్ల కాని రోగులను వైద్యుని దగ్గరకు పంపే ఏర్పాటు.

4. ప్రభుత్వం: టీకాలు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు, జాతీయ ఆరోగ్య కార్యక్రమాలు. ఇవి ఉండగా సంస్థ మళ్ళీ విడిగా పెట్టనక్కరలేదు. వాటి దగ్గరకు ప్రజలను చేర్చితే చాలు.

ఈ నలుగురిలో ఏ ఒక్కరూ ఒంటరిగా ఈ పని చేయలేరు. సంఘానికి ఇల్లిల్లూ తెలుసుగాని వైద్యం తెలియదు. సంస్థకు వైద్యం తెలుసుగాని ఏ గడపలో నిండు నెలల మనిషి ఉన్నదో తెలియదు. ప్రభుత్వం దగ్గర టీకా ఉంటుందిగాని బిడ్డను ఎత్తుకొని తల్లి అక్కడికి రావాలి.

పాల కేంద్రమే ఎందుకు?

ఊరిలో రోజుకు రెండు పూటలా ఇంటికొకరు వచ్చే చోటు పాల కేంద్రం. ఇద్దరు సభ్యులు రాకపోతే మూడవవాడు కారణం చెబుతాడు. కబురు చేరవేయుటకు ఇంతకంటే మంచి చోటు లేదు.

ఒక చిన్న ఉదాహరణ చూడండి. పసిబిడ్డకు విరేచనాలైతే నీళ్ళు ఇవ్వకూడదని, పాలు మానిపించాలని కొందరు పెద్దలు చెబుతారు. ఇది ప్రాణాంతకమైన పొరపాటు. బిడ్డ ఎక్కువగా చనిపోయేది ఒంట్లోని నీరు పోవడం వల్లనే. ప్రభుత్వం ఇచ్చే ఓ.ఆర్.ఎస్. పొట్లం అందుబాటులో లేకపోతే, కాచి చల్లార్చిన ఒక లీటరు నీటిలో చెంచాకు తలకొట్టి కొలిచిన ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు కలిపి కొద్దికొద్దిగా తాగించాలి. తల్లిపాలు ఆపరాదు. బిడ్డ మత్తుగా ఉన్నా, తాగలేకపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. ఈ మాట పాల కేంద్రం గోడమీద ఉంటే, కొలత తీసే మనిషి నోట వినబడితే, ఒక్క వారంలో ఊరంతా పాకుతుంది.

పశువు లేనివారి మాట

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. సంఘంలో వాటా ఉన్నది పాలు పోసేవారికే. ఊరిలో అన్నిటికంటే బలహీనమైన తల్లి తరచుగా గేదె లేని ఇంట్లోనే ఉంటుంది. సభ్యుల సొమ్ము ఆమె కోసం ఎందుకు ఖర్చు పెట్టాలని సభలో ఎవరైనా అడగవచ్చు. అడగడంలో తప్పులేదు, జవాబు చెప్పాలి. తట్టు వ్యాధి వాటా ధనం చూసి రాదు. ఒక పేటలో పిల్లలకు టీకా లేకపోతే రెండవ పేటకు కూడా భద్రత లేదు. అంతర్జాతీయ సహకార సమాఖ్య 1995లో ఆమోదించిన ఏడు సహకార సూత్రాలలో చివరిది సమాజం పట్ల శ్రద్ధ. అది గోడమీద వ్రాసుకొనుటకు మాత్రమే కాదు.

మనం ఏమి చేయవచ్చు?

1975లో అంగన్‌వాడీల పథకం ప్రారంభమయింది. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో ఆశా కార్యకర్తలు వచ్చారు. అదే ఏడాది మన రాష్ట్రంలో 108 అంబులెన్సు మొదలయింది. అంటే ఖేడా వారు పని మొదలుపెట్టిన నాటికంటే మన చేతిలో సాధనాలు ఎక్కువే ఉన్నవి. వీటిని ఒక దారానికి గుచ్చేవారు కావాలి.

ఖర్చు సంగతి చూద్దాం. ఒక సంఘం రోజుకు 400 లీటర్లు సేకరిస్తున్నదనుకుందాం. లీటరుకు పది పైసల చొప్పున పక్కన పెడితే రోజుకు 40 రూపాయలు, ఏడాదికి 14,600 రూపాయలు అవుతుంది. ఆసుపత్రి కట్టుటకు ఇది చాలదు. కాని బరువు తూచే యంత్రానికి, నెలకొకసారి వైద్య శిబిరం ఏర్పాట్లకు, అత్యవసర ప్రయాణానికి సాయపడుతుంది. అయితే ఈ కోత బైలా ప్రకారం, సర్వసభ్య సమావేశం తీర్మానంతోనే జరగాలి. లెక్క ఆడిట్‌కు చూపాలి.

ఏదైనా ధర్మసంస్థతో చేయి కలిపే ముందు పాలకవర్గం ఈ నాలుగు సంగతులు కాగితం మీద పెట్టుకోవాలి:

(అ) ఎవరు ఏమి ఇస్తారు, ఎంతకాలం ఇస్తారు.
(ఆ) బయటి గ్రాంటు ఆగిన నాడు పని ఎలా సాగుతుంది. దీనికి జవాబు లేని పథకం గ్రాంటుతోపాటే ముగుస్తుంది.
(ఇ) కార్యకర్త ఎవరికి జవాబుదారీ. ఊరి సంఘానికి కాకపోతే ఆమె ఊరి మనిషిగా నిలవదు.
(ఈ) పాల లెక్కతోపాటు ఈ లెక్క కూడా ప్రతి నెలా సభ్యులకు ఎవరు చదివి వినిపిస్తారు.

సంఘ సమావేశంలో చర్చించుటకు

1. మన ఊరిలో ఈ రోజు గర్భిణీలు ఎందరు? వారిలో సభ్యుల కుటుంబాలకు చెందనివారు ఎందరు?
2. ఆశా కార్యకర్తను, అంగన్‌వాడీ టీచరును మన పాలకవర్గ సమావేశానికి ఎప్పుడైనా పిలిచామా?
3. రాత్రి కాన్పు నొప్పులు మొదలైతే ఎవరి బండి, ఎవరి ఫోను, ఏ ఆసుపత్రి?

మూడవ ప్రశ్నకు జవాబు ఈ వారమే వ్రాసి పాల కేంద్రంలో అతికించండి. దానికి నిధి అక్కరలేదు, తీర్మానం కూడా అక్కరలేదు. పశువైద్యుని ఫోను నెంబరు ఉన్న గోడమీదనే దానికి కూడా చోటు ఉన్నది.