చివరి పేజీలో బొమ్మలు – అన్నమయ్య బాల్యం
"మా బాబు పాఠం వినడు, నోట్‌బుక్ చివరి పేజీల్లో బొమ్మలే గీస్తాడు, తోటిపిల్లలతో కలవడు" అని కొందరు తల్లులు బాధపడుతుంటారు. తాళ్ళపాకలో, 1408లో పుట్టిన అన్నమయ్య ఇంట్లోనూ ఇదే గొడవ! ఎప్పుడూ పాటల్లోనే ఉంటున్నాడని ఇంటివాళ్ళు విసుక్కుని గడ్డి కోసుకురమ్మని పంపారట. ధ్యాసంతా పాటమీదే కదా, కొడవలికి వేలు తెగింది. అటుగా తిరుమల వెళ్తున్న యాత్రికులతో వెళ్ళిపోయాడు. మనవడు చిన్నన్న ద్విపదలో రాసిన చరిత్రలో ఉంది ఈ ఘట్టం. చూశారా, పాట ఆగలేదు, ఇల్లే దూరమైంది.

అందుకే ఆ పేజీ చింపకండి. సాయంత్రం పక్కన కూర్చుని "ఇదేంటి నాన్నా, దీని కథ చెప్పు" అనండి. లెక్కలు ఆ తర్వాత చేయించొచ్చు, ఎక్కడికీ పోవు! టీచరుగారికీ ఒకసారి చూపించండి. నోటీసు బోర్డుకి బొమ్మ వేయమని ఆవిడ అడిగితే, చూడ్డానికి నలుగురు పిల్లలు వాడి చుట్టూ చేరతారు.