ఫ్లోరైడ్ జలాలు – వేరు కణత్వచం పారగమ్యత

నల్గొండ జిల్లా మర్రిగూడ, చండూరు ప్రాంతాల బోరుబావుల నీరు తాగిన వారిలో ఎముకలు వంగిపోయాయి. అటువంటి నీరే పారించిన వరి మాత్రం పైకి ఆరోగ్యంగానే కనిపిస్తుంది. ఈ భేదానికి మూలం చాలావరకు కణత్వచంలోనే ఉంది.

కణత్వచం సుమారు 7 నానోమీటర్ల మందం గల పొర. సింగర్, నికల్సన్‌లు 1972లో ప్రతిపాదించిన ద్రవ మొజాయిక్ నమూనా ప్రకారం ఫాస్ఫోలిపిడ్ల రెండు వరుసలలో ప్రోటీన్లు పొదిగి ఉంటాయి. పాఠ్యపుస్తకాలు దీనిని జల్లెడతో పోల్చడం పరిపాటి. విద్యార్థిని తప్పుదారి పట్టించే పోలిక అది. ఫ్లోరైడ్ అయాన్ ఎంతో చిన్నదే అయినా దాని ఋణావేశం కారణంగా లిపిడ్ పొరను దాటడం అతి కష్టం. ఆవేశం లేని హైడ్రోజన్ ఫ్లోరైడ్ అణువు అంతకు పది లక్షల రెట్లకు మించిన సులువుతో దాటగలదు.

కనుక ఉదజని సూచిక నిర్ణాయకమవుతుంది. సూచిక 8 ఉన్న నీటిలో సుమారు 60 వేల వంతులలో ఒక వంతు మాత్రమే హైడ్రోజన్ ఫ్లోరైడ్‌గా ఉంటుంది. వేరు కణాలు ప్రోటాన్లను బయటికి పంపడం వలన కణకుడ్యంలో సూచిక 5.5కు దిగితే అది 200 వంతులలో ఒక వంతుకు పెరుగుతుంది. లోపలి కణద్రవ్యంలో సూచిక 7కు పైబడి ఉన్నందున ప్రవేశించిన అణువు మళ్లీ అయాన్‌గా విడిపోయి అక్కడే చిక్కుకుంటుంది. మనిషి జఠరంలో సూచిక 2 వద్ద నూటికి 90 పాళ్లకు పైగా ఫ్లోరైడ్ ఆవేశరహిత రూపంలోనే ఉంటుంది. తాగునీటికి లీటరుకు 1.5 మిల్లీగ్రాముల పరిమితి ఎందుకో దీనిని బట్టి ఊహించవచ్చు.

అయితే వేరు పూర్తిగా మూసిన తలుపు కాదు. అంతశ్చర్మపు కాస్పేరియన్ పట్టీలు ఇంకా ఏర్పడని వేరు కొసల వద్ద ఫ్లోరైడ్ కణాల మధ్య నుంచే లోపలికి సాగగలదు. అంతకంటే ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. నల్గొండ, మహబూబ్‌నగర్ గ్రానైట్ ప్రాంతాలలో ఫ్లోరైడ్ అధికంగా ఉన్న నీటిలో సాధారణంగా సోడియం, బైకార్బొనేట్ ఎక్కువగా, కాల్షియం తక్కువగా ఉంటాయి. ఫాస్ఫోలిపిడ్ల తలలను పట్టి ఉంచే కాల్షియాన్ని సోడియం తొలగిస్తే త్వచం సడలి, పొటాషియం వంటి అయాన్లు బయటికి కారిపోతాయి. అయాన్లను ఎంచి పంపే శక్తి సన్నగిల్లిన అటువంటి త్వచం ఫ్లోరైడ్‌ను కూడా గట్టిగా అడ్డుకోలేదు.

క్షార లక్షణం గల నేలలకు సిఫారసు చేసే జిప్సం ఇక్కడ రెండు విధాల పనిచేస్తుంది: త్వచానికి కాల్షియం అందిస్తుంది, నేల ద్రావణంలోని ఫ్లోరైడ్‌లో కొంత భాగాన్ని కాల్షియం ఫ్లోరైడ్‌గా అవక్షేపిస్తుంది. కాబట్టి రైతు తెచ్చిన నీటి నమూనాలో ఫ్లోరైడ్ ఒక్కటే కొలిచి సలహా ఇవ్వడం తగదు. ఉదజని సూచిక, సోడియం, కాల్షియం కూడా చూడాలి. ఆకులలో ఫ్లోరైడ్ గింజలో కంటే ఎక్కువగా చేరుతుంది గనుక ఆకుకూరల మడులకు ఆ నీటిని వాడే చోట ఈ పరీక్ష మరింత అవసరం.