ముచ్చటకు పరీక్ష

మనోహరాబాదులో ఒకరికి జిలేబిపై మక్కువ, మఱియొకరికి సీతాఫలముపై. ఉపాధ్యాయులమగు మాకో, సాయంకాలపు చాయపై. ఇట్టి ముచ్చటలు తప్పులా? కావు, కాని వానికొక పరీక్ష గలదు.

మెదకు చర్చిని చూడుడు. 1914లో ఆరంభమై 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడిన ఆ మందిరమునకు సుమారు 173 అడుగుల గోపురమును, ఆఱు వన్నెల నేలపలకలును గలవు. కఱవుకాలమున ఇంత సొగసేల యని యడుగవచ్చును. పాస్నెట్ దొరగారు ఆ పనిచేతనే కఱవువాత బడినవారికి అన్నము దొరకునట్లు చేసిరి.

మన ముచ్చటకును ఇదే పరీక్ష: దానివలన మఱియొకని కడుపు నిండెనా, మాడెనా? తండ్రి చేసిన అప్పుతో కొనిన జిలేబి చేదు. తోటివానితో పంచుకొనిన అర జిలేబియే తీపి. విద్యార్థులారా, మీ కాసులను ఈ తూనికతో తూచుడు. మేమును చాయ త్రాగునప్పుడెల్ల తూచుకొనెదము.