స్కూల్ ఎదురుగా సెల్ టవర్: పిల్లలకి ఏం కాదా?

మా కాలనీలో స్కూల్ ఎదురు డాబా మీద సెల్ టవర్ పెడుతున్నారని తెలియగానే తల్లిదండ్రులు గొడవకు దిగారు. "ఫోన్ల గురించి రాస్తావు కదా బాబూ, పిల్లలకి ఏం కాదా?" అని ఒకావిడ నన్నడిగారు. ఆవిడకు చెప్పిందే మీకూ చెబుతున్నా.

టవర్ నుంచి వచ్చేవి రేడియో తరంగాలు. ఎక్స్‌రేలా డీఎన్ఏను తెంచేంత శక్తి వీటికి లేదు. అయితే డబ్ల్యూహెచ్ఓ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2011లో వీటిని 'క్యాన్సర్ కారకం కావచ్చు' అనే 2బి గ్రూపులో పెట్టింది. ఆధారాలు కొద్దిగానే ఉన్నాయి, అలాగని కొట్టిపారేయనూ లేదు. మన దేశం 2012 సెప్టెంబర్ 1 నుంచి పరిమితిని అంతర్జాతీయ ప్రమాణంలో పదో వంతుకు తగ్గించింది. 900 మెగాహెర్ట్జ్ దగ్గర అది చదరపు మీటరుకు 0.45 వాట్లు.

దూరం రెట్టింపైతే తీవ్రత సుమారు నాలుగో వంతుకు పడిపోతుంది. యాంటెన్నా బీమ్ ముందుకు పోతుంది కాబట్టి, టవర్ కింద గది కన్నా ఎదురుగా అదే ఎత్తులో ఉన్న క్లాస్‌రూమ్‌నే ముందు చూడాలి. ఇంకో సంగతి: సిగ్నల్ వీక్ అయితే చెవి దగ్గరున్న మన ఫోనే పవర్ పెంచుతుంది.

మరి ఏం చేయాలి? తరంగ్ సంచార్ పోర్టల్‌లో దగ్గర్లోని టవర్ల వివరాలు చూడొచ్చు. ఫీజు కట్టి మన చోట కొలత కూడా తీయించుకోవచ్చు. ఫోన్‌లో డీబీఎం చూపించే యాప్ దీనికి చాలదు, అది మన నెట్‌వర్క్ సిగ్నల్‌నే చెబుతుంది.

"ఏం కాదు" అని ఆవిడకు నేను మాటివ్వలేదు. టవర్ ఆన్ అయ్యాక క్లాస్‌రూమ్‌లోనే కొలిపిద్దాం, ఆ అంకె పట్టుకుని అడుగుదాం అన్నాను.