ప్రతినిధి యొప్పగింపవలసిన లెక్క

తన వీధికి రోడ్డు వేయించిన ప్రతినిధికి ఓటరు ఋణపడియుండునా? పౌరశాస్త్రము చదువు మన విద్యార్థుల యెదుట మేమీ ప్రశ్న నుంచుచున్నాము.

అమెరికాలో అసలు ఎన్నికకు ముందు, పార్టీ పక్షమున నెవరు నిలువవలయునో ఓటర్లే తేల్చెదరు. దీనిని ప్రైమరీ యందురు. 2014లో ప్రతినిధుల సభలో అధికపక్ష నాయకుడైన ఎరిక్ కాంటర్, వర్జీనియా ప్రైమరీలో డేవిడ్ బ్రాట్ అను కళాశాల యాచార్యుని చేతిలో ఓడెను. సర్కారు సొమ్మును తన ప్రాంతమునకు మరల్చి పదవి నిలుపుకొనుటను అచ్చటివారు పందిమాంసపు పీపా యని పరిహసింతురు.

మన దేశమున అట్టి ప్రైమరీ లేదు. టిక్కెట్టు పార్టీ పెద్దల చేతిలో నున్నది. కావున పాత సభ్యుని పరీక్షించు భారమంతయు ఓటరుదే. మన పట్టణముల శాసనసభ ఎన్నికలను చూడుడు. సూర్యాపేట 2014, 2018, 2023లలో జగదీశ్ రెడ్డిగారినే ఎన్నుకొనెను. మిర్యాలగూడ భాస్కరరావుగారిని రెండుమారులు గెలిపించి, 2023లో మార్చెను. కోదాడలో అప్పటి సభ్యురాలు పద్మావతిగారు 2018లో 756 ఓట్ల తేడాతో ఓడి, 2023లో మరల గెలిచిరి. ఒక చిన్న పల్లె ఓట్లు చాలును, ఫలితము తారుమారగుటకు!

ఈ మూడు పట్టణములును నల్లగొండ లోక్‌సభ నియోజకవర్గములోనివే. 1993లో ఆరంభమైన పథకము క్రింద పార్లమెంటు సభ్యుడు తన ప్రాంతమునకు పనులు సూచించును. 2011-12లో దీని మొత్తము సాలునకు 5 కోట్ల రూపాయలైనది. కరోనా కాలమున కొన్నాళ్లు నిలిచి, మరల సాగినది. ఆ సొమ్ము సభ్యుని చేతికి రాదు; జిల్లా అధికారులు మంజూరుచేసి పని జరిపింతురు. పని ముగిసినచోట ఫలకముపై సభ్యుని పేరుండును. పన్ను కట్టినవారి పేరుండదు. సబ్బుబిళ్ల కొన్న కూలివాడును పన్ను కట్టినవాడే కదా! తన సొమ్ముతో వేసిన రోడ్డునకు తానే ఋణపడుట యెట్లు?

అయినను మన వీధికి వచ్చినదా యని మాత్రమే యడుగుట స్వార్థము. మనకంటె అవసరమున్న పల్లెకు అందినదా యనియు నడుగవలెను. సమాచారము కోరు హక్కును 2005 నాటి చట్టము మనకిచ్చినది.

బాలబాలికలారా, ఫలకము కనబడినచోట నిలిచి చదువుడు. ఎన్ని లక్షలు, ఏ యేడు, పని నిలిచినదా యని విచారింపుడు. సువార్తలో యజమానుడు గృహనిర్వాహకుని లెక్క యడిగెను. 18 ఏండ్లు నిండిననాడు ఆ యజమానులు మీరే. కృతజ్ఞత మంచిదే, లెక్క చూచిన పిమ్మట చూపిన కృతజ్ఞత మరియు మంచిది.